సాబూ: పిల్లవాడిగా గెలిచిన నటుడికి పెద్దయ్యాక పాత్రలెందుకు కరవయ్యాయి?

కర్నూలు చదువరి (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. కిందటి వారం 1947 నాటి బ్రిటిష్ చిత్రం ‘బ్లాక్ నార్సిసస్’ చూశాను. హిమాలయాలలో ఒకప్పుడు రాజుగారి అంతఃపురంగా ఉన్న భవనంలో క్రైస్తవ సన్యాసినులు మఠం పెట్టుకుని బడి, వైద్యశాల నడపాలని చూడటం దాని కథ. అందులో పట్టు అంగీ తొడుక్కుని, మెడనిండా నగలు దిగేసుకుని, లండన్ దుకాణం నుంచి తెప్పించుకున్న అత్తరు ఘుమఘుమలాడుతుండగా చదువుకోవడానికి వచ్చే యువరాజు పాత్ర ఒకటి ఉంది. చుట్టూ ఉన్న ముఖ్యమైన ‘భారతీయ’ పాత్రలలో చాలావరకు ముఖానికి రంగు పులుముకున్న ఇంగ్లీషు నటులే కనిపిస్తుంటే, ఈ ఒక్క యువకుడు మాత్రం నిజంగా మనవాడని చూడగానే తెలిసిపోతుంది. తెర మీద అతడి పేరు ఒక్క మాటలోనే వేశారు: సాబూ.

తరువాత వెతికితే, చాలాచోట్ల ఆ పేరును సాబూ దస్తగిరి అని రాస్తున్నారు. మా సీమలో దస్తగిరి అన్న పేరు ఊరూరా వినిపిస్తుంది కాబట్టి, అది చదవగానే పరాయి ఊళ్లో మన వీధివాడెవరో ఎదురైనట్టు అనిపించింది. మైసూరు మావటివాని కొడుకనీ, పదమూడేళ్లకే ప్రపంచమంతా తెలిసిన నటుడయ్యాడనీ, అమెరికా వైమానిక దళంలో పనిచేశాడనీ, ముప్పై తొమ్మిదేళ్లకే కన్నుమూశాడనీ తెలిసింది. అయితే ఈ ముక్కలు నాకు ఒకదానితో ఒకటి అతకడం లేదు. 1940లో అంత పెద్ద చిత్రాలలో ముందు వరుసలో ఉన్నవాడు 1950ల నాటికి అనామక చిత్రాలలోకి ఎందుకు జారిపోయాడు? భారతీయులకు అమెరికా పౌరసత్వమే ఇవ్వని రోజులలో అతడికి 1944లో పౌరసత్వం ఎలా వచ్చింది? మన దేశంలో అన్ని సినిమాలు తీస్తున్నప్పుడు అతడిని ఇక్కడికి ఎవరూ ఎందుకు పిలవలేదు? తెలిసినవారు వివరంగా రాస్తే చదవాలని ఉంది.


పాత రీలు:

చదువరి గారూ, మొదటి ప్రశ్నకే నా సమాధానం పరిమితం చేస్తాను, ఎందుకంటే అదొక్కటే చాలా పెద్దది.

సాబూ 1924లో మైసూరు సంస్థానంలోని కారాపురలో పుట్టాడు. కబిని నది పక్కన, కాకనకోటె అడవులకు చేరువలో ఉన్న ఊరది. ఆ అడవులలోనే మైసూరు ప్రభువులు ఖెడ్డా జరిపించేవారు. అంటే వందలాది మనుషులు డప్పులతో, కాగడాలతో, మచ్చిక ఏనుగుల సాయంతో అడవి ఏనుగుల మందను రోజుల తరబడి తరుముకుంటూ వచ్చి, దుంగలతో కట్టిన దడిలోకి తోలి పట్టడం. తండ్రి మహారాజు కొలువులో మావటివాడు. తల్లిదండ్రులిద్దరినీ చిన్నతనంలోనే పోగొట్టుకున్న పిల్లవాడు గజశాల నీడలోనే పెరిగాడు.

1935లో రాబర్ట్ ఫ్లాహెర్టీ అక్కడికి వచ్చాడు. ఉత్తర ధ్రువ ప్రాంతపు వేటగాళ్ల జీవితం మీద ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ తీసి డాక్యుమెంటరీకి ఒక దారి వేసిన దర్శకుడాయన. లండన్‌లో అలెగ్జాండర్ కోర్డా నడిపే సంస్థ తరఫున, కిప్లింగ్ రాసిన తూమాయ్ అనే మావటి కుర్రవాడి కథను సినిమాగా తీయడానికి మైసూరు వచ్చిన ఆ బృందం, నటన అంటే ఏమిటో తెలియని, ఏనుగు మీద మాత్రం మన పిల్లలు అరుగు మీద కూర్చున్నంత ధీమాగా కూర్చునే ఒక కుర్రవాడి కోసం వెతికింది. ఛాయాగ్రాహకుడు ఆస్మండ్ బొరడైల్ కంట సాబూ పడ్డాడు. ఫ్లాహెర్టీ తన అలవాటు ప్రకారం తొందర లేకుండా నెలల తరబడి అడవినీ ఏనుగులనూ చిత్రిస్తూ పోగా, లండన్‌లో కోర్డాకు ఓపిక నశించింది. చివరకు ఆయన తమ్ముడు జోల్టాన్ కోర్డా, ఇంగ్లండ్‌లోని డెన్‌హామ్ స్టూడియోలో కథాభాగం తీసి పూర్తి చేశాడు. ఆ సన్నివేశాల కోసం సాబూనూ అతడి అన్ననూ ఓడ ఎక్కించి ఇంగ్లండ్ తీసుకెళ్లారు. ‘ఎలిఫెంట్ బాయ్’ 1937లో విడుదలై, వెనిస్ చిత్రోత్సవంలో దర్శకత్వానికి బహుమతి పొందింది. సాబూ మళ్లీ గజశాలకు తిరిగి వెళ్లలేదు.

దస్తగిరి అన్న పేరు గురించి ఒక మాట. అది నిజానికి అన్నగారి పేరని, ప్రయాణపు కాగితాలలో తమ్ముడికి కూడా ఇంటిపేరుగా అంటుకుందని అతడి జీవితం మీద రాసినవారు చెబుతారు. మన పేర్లను పాశ్చాత్య దేశాల దరఖాస్తులలో నింపిన ఎవరికైనా ఇది నమ్మశక్యంగానే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. 1938లో ‘ది డ్రమ్’, 1940లో ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’, 1942లో ‘జంగిల్ బుక్’. ఈ మూడింటిలో రెండవదానిని జాగ్రత్తగా చూడండి. అదే పేరుతో 1924లో డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ ఒక మూకీ చిత్రం తీశాడు. అందులో దొంగే కథానాయకుడు. రాకుమారిని ప్రేమించేదీ అతడే, చివరకు ఆమెను గెలుచుకునేదీ అతడే. కోర్డా 1940లో తీసినప్పుడు ఆ ఒక్క నాయకుడిని రెండు ముక్కలు చేశారు. ప్రేమించే రాజు ఒకడు, అతడు తెల్లనటుడు జాన్ జస్టిన్. గోడలు దూకి, భూతాన్ని సీసాలోంచి వదిలి, దేవత నొసటి మణిని దొంగిలించి, మాయాతివాచీ మీద ఎగిరి వచ్చి అందరినీ రక్షించే దొంగ పిల్లవాడు మరొకడు, అతడు సాబూ. కష్టమంతా ఒకరిది, పెళ్లి ఇంకొకరిది. ముగింపులో రాజు అతడిని బడికి పంపి మంత్రిని చేస్తాననేసరికి ఆ పిల్లవాడు తివాచీ ఎక్కి ఎగిరిపోతాడు. చూస్తున్నప్పుడు నవ్వొస్తుంది, ఎంతో ముద్దుగా ఉంటుంది. కానీ సాబూ జీవితమంతా తెలిశాక అదే దృశ్యాన్ని మళ్లీ చూస్తే, పెద్దవాడైన అతడికి ఆ కథలో చోటు లేదన్న సంగతి తెర మీదే రాసి పెట్టినట్టు కనిపిస్తుంది.

ఆ చిత్రం ఇంగ్లండ్‌లో మొదలైంది, 1939లో యుద్ధం రావడంతో మిగిలిన భాగాన్ని అమెరికాలో పూర్తి చేశారు. ఛాయాగ్రహణానికీ కళాదర్శకత్వానికీ ప్రత్యేక దృశ్యాలకూ కలిపి మూడు ఆస్కార్లు వచ్చాయి. అలా పని వెంట అమెరికా చేరిన సాబూ అక్కడే ఉండిపోయాడు. ‘జంగిల్ బుక్’ అడవి అంతా కాలిఫోర్నియాలో వేసిందే. నిర్మాత, దర్శకుడు, కళాదర్శకుడు ముగ్గురూ హంగరీ నుంచి వలస వచ్చిన కోర్డా సోదరులు; సంగీతం కూర్చిన మిక్లోష్ రోజా కూడా హంగరీవాడే; కథ మధ్య భారతదేశపు అడవిది; మోగ్లీ మైసూరువాడు. ఆ సంగీతాన్ని సాబూ కథాకథనంతో కలిపి గ్రామఫోన్ రికార్డులుగా కూడా విడుదల చేశారు.

తరువాత యూనివర్సల్ సంస్థ అతడిని తీసుకుని, 1942 నుంచి 1944 లోపల ‘అరేబియన్ నైట్స్’, ‘వైట్ శావేజ్’, ‘కోబ్రా వుమన్’ తీసింది. మూడింటిలోనూ ప్రేమజంట మరియా మాంటెజ్, జాన్ హాల్. సాబూ వారి నమ్మకమైన చెలికాడు. బాగ్దాద్ దొంగ కథలో జరిగిన పంపకమే ఇక్కడ వరుసగా మూడుసార్లు జరిగింది. 1945లో యుద్ధం ముగిసేనాటికి అతడికి ఇరవై ఒక్కేళ్లు. చెలికాడి వయసు దాటిపోయింది, నాయకుడి చోటు ఖాళీగా లేదు. నా దృష్టిలో పతనానికి కారణం ఇదే, మిగిలినవన్నీ దాని తరువాతే వస్తాయి.


ఫ్రీమాంట్ తెలుగు:

పాత రీలు గారి సమాధానం చదివి, రెండో ప్రశ్నకు నేను రాస్తున్నాను. గ్రీన్ కార్డు వరుసలో ఏళ్లకేళ్లు నిలబడిన మాబోటివాళ్లకు ఈ చట్టాల చరిత్ర కంఠతా వచ్చేస్తుంది.

వలస వచ్చినవారిలో ‘స్వేచ్ఛ గల శ్వేత వ్యక్తులు’ మాత్రమే పౌరులు కావచ్చని అమెరికా 1790లోనే చట్టం చేసింది. అంతర్యుద్ధం తరువాత, 1870లో, ఆఫ్రికా సంతతివారిని కూడా చేర్చారు. ఈ రెంటిలో భారతీయులు ఎక్కడికి వస్తారన్నది 1923లో భగత్ సింగ్ థింద్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. థింద్ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ. తాను ఆర్యజాతివాడిని కాబట్టి శ్వేతుడినేనని వాదించాడు. మామూలు మనిషి ఎవరిని తెల్లవాడు అంటాడో వారే శ్వేతులని కోర్టు తేల్చి, అతడికి పౌరసత్వం లేదంది. అంతకుముందు పౌరసత్వం పొందిన భారతీయులు కొందరు ఆ తీర్పు వల్ల దాన్ని పోగొట్టుకున్నారు కూడా. అంతకు ఆరేళ్ల ముందే, 1917లో వచ్చిన మరో చట్టం భారతదేశం సహా ఆసియాలో చాలా భాగం నుంచి కొత్తవారు కూలిపనికి రాకుండా తలుపు మూసేసింది.

మరి 1944లో సాబూకు ఎలా వచ్చింది? యూనిఫారం వల్ల వచ్చింది. యుద్ధం కోసం 1942లో చేసిన చట్టం, సైన్యంలో పనిచేస్తున్న విదేశీయులకు జాతి నిబంధనతో పని లేకుండా పౌరసత్వం పొందే వీలు కల్పించింది. ఆయన అమెరికా సైనిక వైమానిక దళంలో చేరి, పసిఫిక్ యుద్ధరంగంలో బి-24 లిబరేటర్ బాంబర్లలో తుపాకీ పేల్చే గన్నర్‌గా డజన్ల కొద్దీ దాడులలో పాల్గొన్నారు. విమానం అడుగునా తోకభాగానా ఇరుకైన గూళ్లలో ముడుచుకుని కూర్చోవలసిన ఉద్యోగమది. నటులలో చాలామందిని సైన్యం ప్రచారానికీ బాండ్ల అమ్మకానికీ వాడుకున్న కాలంలో ఆయన నిజంగా యుద్ధానికి వెళ్లి, డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం సంపాదించుకున్నారు. యూనిఫారం తొడుక్కోని మామూలు భారతీయుడికి పౌరసత్వపు హక్కు 1946 జూలైలో, లూస్-సెల్లర్ చట్టంతో గానీ రాలేదు. అప్పుడు కూడా భారతదేశం నుంచి వలసకు అనుమతించినది ఏడాదికి వంద మందిని మాత్రమే.

ఇంకొక్క విషయం. శ్వేతులు ఇతర జాతులవారిని పెళ్లాడటాన్ని నిషేధించే కాలిఫోర్నియా చట్టాన్ని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1948 అక్టోబరులో కొట్టేసింది. సాబూ, నటి మెరిలిన్ కూపర్ పెళ్లి చేసుకున్నది కూడా అదే నెలలో. భారతీయులను ఆ చట్టం పేరు పెట్టి చెప్పలేదు, దరఖాస్తు తీసుకునే గుమాస్తా కంటికి ఎలా కనిపిస్తే అలా జరిగేది. కాబట్టి తీర్పుకూ ఆ పెళ్లికీ ముడి ఉందని నేను అనడం లేదు. కానీ తెర మీద ఆయన ఎవరినీ ప్రేమించకుండా కథలు అల్లిన స్టూడియోలు ఏ చట్టాల నీడలో పనిచేశాయో దీనివల్ల కొంత అర్థమవుతుంది.


మొండి ప్రేక్షకుడు:

పై రెండు సమాధానాలూ బాగున్నాయి గానీ, పాత రీలు గారి ముగింపుతో నేను పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. జాతివివక్ష లేదని నేననను. అదొక్కటే కారణమంటే మాత్రం లెక్క సరిపోదు.

మొదటిది, యుద్ధం తరువాత సాబూకు పెద్దవాడి పాత్రలు అసలు రాలేదన్నది నిజం కాదు. చదువరి గారు చూసిన చిత్రంలోనే ఆయన ఒక అమ్మాయిని ప్రేమించి లేవదీసుకుపోతాడు. అదే ఏడాది ‘ది ఎండ్ ఆఫ్ ది రివర్’లో కథంతా ఆయన మీదే నడిచింది, బ్రెజిల్ ఆదివాసి యువకుడి పాత్ర. 1948లో ‘మ్యాన్-ఈటర్ ఆఫ్ కుమావ్’లో భార్య ఉన్న రైతు. 1949లో ‘సాంగ్ ఆఫ్ ఇండియా’లో ముఖ్యపాత్ర. మూడేళ్లలో నాలుగు అవకాశాలు. అవి ఆయనను పాత స్థానంలోకి తిరిగి తేలేకపోయాయి.

రెండవది, ఆయన పేరు ముడిపడిన సినిమా తరహాకే కాలం చెల్లింది. తివాచీలు, భూతాలు, ఎడారి రాజ్యాలతో నిండిన రంగుల కథలు యుద్ధకాలపు జనానికి కాలక్షేపం. యుద్ధం ముగిశాక ప్రేక్షకులు నగరాల నేరకథలు, ఇంటికి తిరిగొచ్చిన సైనికుల కథలు చూడసాగారు. ఆయన సహనటి మరియా మాంటెజ్ డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన వలస నటి. ఆమె కూడా హాలీవుడ్ వదిలి ఐరోపా దారి పట్టింది. సామ్రాజ్యపు వీరగాథల సంగతి చెప్పనక్కరలేదు. 1947 ఆగస్టు తరువాత ‘ది డ్రమ్’ లాంటి కథకు అర్థమే లేదు.

మూడవది, వలస నటుడిని ఒకే మూసలో బిగించడానికి చర్మం రంగే అక్కరలేదు. బేలా లుగోసీ కూడా హంగరీవాడే, తెల్లవాడే. 1931లో డ్రాక్యులాగా గెలిచాక ఆ యాస, ఆ చూపు ఆయనను చివరిదాకా వదలలేదు. స్వదేశంలో షేక్స్‌పియర్ నాటకాలు ఆడిన నటుడు, 1956లో చనిపోయేనాటికి అతి చవకబారు చిత్రాలలో తేలాడు. హాలీవుడ్ వలస నటుడి దగ్గర ఒక్క వస్తువు కొంటుంది, అదే మళ్లీ మళ్లీ తెమ్మంటుంది. లుగోసీ దగ్గర భయం కొన్నది, సాబూ దగ్గర బాల్యం కొన్నది. లుగోసీ భయాన్ని డెబ్భై ఏళ్లదాకా అమ్ముకోగలిగాడు. బాల్యం ఏ నటుడి దగ్గరైనా ఎంతకాలం నిలుస్తుంది?


పాత రీలు:

మొండి ప్రేక్షకుడు గారి మాటలో చివరి వాక్యం దగ్గర నేను ఒప్పుకుని తీరాలి. 1948, 1949 చిత్రాలను నా సమాధానంలో వదిలేయడం నా పొరపాటు.

అయితే మీ వాదనకు ఒక అడ్డం ఉంది: 1957లో వచ్చిన ‘సాబూ అండ్ ది మ్యాజిక్ రింగ్’. టెలివిజన్ కోసం తీసిన భాగాలను అతికించి విడుదల చేసిన చిన్న చిత్రం. అందులో పాత్ర పేరు కూడా సాబూయే. ఆ పాత్ర ఏమిటి? రాజుగారి ఏనుగుశాలలో పనిచేసే కుర్రవాడు. అప్పటికి అతడికి ముప్పై మూడేళ్లు, ఇద్దరు పిల్లల తండ్రి, పతకం పొందిన సైనికుడు. తరహా కాలం చెల్లిందనే అనుకుందాం. మరి చెల్లిపోయిన తరహాలో కూడా అతడికి కుర్రవాడి పాత్రే ఎందుకు మిగిలింది? లుగోసీ ముసలి పిశాచంగానైనా ఎదిగాడు.

ఇంకో పోలిక చెబుతాను, నాకు ఇది చాలాకాలంగా మనసులో ఉంది. అలెగ్జాండర్ కోర్డా సంస్థలోనే అదే కాలంలో భారతదేశంలో పుట్టిన మరో నటి ఉంది: మెర్ల్ ఒబెరాన్. 1911లో బొంబాయిలో పుట్టి, కలకత్తాలో పెరిగిన ఆంగ్లో-ఇండియన్. తాను ఆస్ట్రేలియాలోని తాస్మానియాలో పుట్టానని లోకాన్ని నమ్మించి, రాణుల పాత్రలు, దొరసానుల పాత్రలు వేసి, 1935 నాటి నటనకు ఉత్తమ నటిగా ఆస్కార్ ప్రతిపాదన పొంది, 1939లో కోర్డానే పెళ్లాడింది. ఆమె 1979లో చనిపోయాక గానీ అసలు సంగతి లోకానికి తెలియలేదు. ఒకే ప్రచార విభాగం ఒకరి పుట్టుకను దాచిపెట్టి అమ్మింది, మరొకరి పుట్టుకనే పోస్టరు నిండా పరిచి అమ్మింది. సాబూ దాచుకోవాలనుకున్నా దాచుకోగలిగేవాడు కాదు. మెర్ల్ ఒబెరాన్ దాచుకున్నందుకు ఎంత మూల్యం చెల్లించిందో అది వేరే కథ, ఇక్కడ దాని జోలికి పోను.


కర్నూలు చదువరి:

ముగ్గురికీ ధన్యవాదాలు. ఇంత లోతుగా రాస్తారని అనుకోలేదు. బొంబాయి ప్రస్తావన వచ్చింది కాబట్టి నా మూడో ప్రశ్నను మళ్లీ గుర్తు చేస్తున్నాను. మన సినిమావాళ్లు అతడిని పట్టించుకోలేదా, లేక అతడే రాలేదా?


మదరాసు మెయిల్:

దీనికి నేను చెబుతాను. మనకూ సాబూకూ మధ్య తొలి పరిచయమే కొంత చేదుగా జరిగింది. ‘ది డ్రమ్’ చిత్రం 1938లో ఇక్కడ ప్రదర్శనకు వచ్చినప్పుడు బొంబాయిలోనూ మద్రాసులోనూ నిరసనలు చెలరేగాయి. మన ఆంధ్ర జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే. వాయవ్య సరిహద్దులోని ఒక సంస్థానంలో దుష్టుడైన పినతండ్రి తిరుగుబాటు తలపెడితే, మంచివాడైన బాల యువరాజు నగారా మోగించి బ్రిటిష్ సైనికులను హెచ్చరించి కాపాడటం ఆ కథ. ఆ యువరాజే సాబూ. కాంగ్రెసు మంత్రివర్గాలు ఏర్పడి, స్వరాజ్యం చేతికి అందేలా ఉన్న రోజులలో, తెల్లదొరలను కాపాడే నల్ల యువరాజును చూసి చప్పట్లు కొట్టడానికి మనవాళ్లు సిద్ధంగా లేరు. పద్నాలుగేళ్ల పిల్లవాడి తప్పు అందులో ఏమీ లేదు, కానీ తెర మీద ఉన్న ముఖం అతడిది.

రెండవ పరిచయం జరగబోయి ఆగిపోయింది. మెహబూబ్ ఖాన్ ‘మదర్ ఇండియా’ తలపెట్టినప్పుడు బిర్జూ పాత్రకు మొదట అనుకున్నది సాబూనే. పాశ్చాత్య దేశాలలో కూడా ఆ చిత్రం ఆడాలంటే అక్కడివారికి తెలిసిన ముఖం ఉండాలన్నది ఆలోచన. అయితే సాబూ అప్పటికి అమెరికా పౌరుడు, ఇక్కడ పనిచేయడానికి అనుమతి కావాలి, అది దొరకలేదు. ఆ పాత్ర సునీల్ దత్‌కు వెళ్లింది, 1957లో చిత్రం విడుదలయ్యాక ఆయన జీవితమే మారిపోయింది. తెలుగులో అదే కథను 1971లో ‘బంగారు తల్లి’గా తీసినప్పుడు తల్లి పాత్ర వేసింది జమున. బిర్జూ ఎలాంటి పాత్రో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు: వడ్డీవ్యాపారి మీద పగబట్టి, దోపిడీదారుగా మారి, తల్లి చేతిలోనే చనిపోయే కొడుకు. సాబూకు విదేశాలలో ఒక్కసారి కూడా అందని బరువైన పాత్ర అది. ‘మదర్ ఇండియా’ వచ్చిన ఏడాదే ఆయన అక్కడ ఏనుగుశాల కుర్రవాడిగా, పాత రీలు గారు చెప్పిన ఆ అతుకుల చిత్రంలో కనిపించాడు. ఫ్రీమాంట్ తెలుగు గారు రాసిన పౌరసత్వం, అంత కష్టపడి బాంబర్ల గూటిలో కూర్చుని సంపాదించినది, సొంత గడ్డ మీద విదేశీయుడిని చేసింది. సాబూ ఒక్క భారతీయ చిత్రంలో కూడా నటించలేదు.


ఫ్రీమాంట్ తెలుగు:

మదరాసు మెయిల్ గారూ, మీ చివరి మాట చదివి కాసేపు మౌనంగా ఉండిపోయాను. సంవత్సరాంతానికి ఊరు వెళ్లేటప్పుడు శంషాబాద్ విమానాశ్రయంలో విదేశీయుల వరుసలో నిలబడే అలవాటు ఉన్నవాడిని కాబట్టి.


పాత రీలు:

చివరి ఏళ్ల సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. 1950ల మొదట్లో అతడు లండన్‌లోని హారింగే అరీనాలో టామ్ ఆర్నాల్డ్ సర్కస్‌లో ఏనుగులతో ప్రదర్శన ఇచ్చాడు. 1952లో ఇటలీలో అక్కడి నటుడు, దర్శకుడు విట్టోరియో డి సికాతో కలిసి ఏనుగు ఉన్న హాస్యచిత్రం ఒకటి చేశాడు. అంటే ఎక్కడికి వెళ్లినా ఏనుగు వెంట వచ్చింది. 1960లో, పేరున్న నటుల గుర్తుగా నక్షత్రాలు పొదిగే హాలీవుడ్ నడకదారి మీద అతడి పేరుతో కూడా ఒకటి పొదిగారు. అదే ఏడాది లాస్ ఏంజెలెస్‌లో ఫర్నిచర్ దుకాణం నడిపే అన్నను దోపిడీకి వచ్చినవాడు చంపేశాడు. తనను ఇంగ్లండ్ తీసుకెళ్లిన ఓడలో తోడున్నది, తొలి రోజులనుంచీ వ్యవహారాలు చూసుకున్నది ఆ అన్నే. 1963 డిసెంబరు 2న, గుండెపోటుతో, చాట్స్‌వర్త్‌లోని ఇంటిలో సాబూ కూడా వెళ్లిపోయాడు. ఆఖరి చిత్రం డిస్నీ సంస్థది, మరుసటి ఏడాది విడుదలైంది. పులి తప్పించుకుపోయిన కథలో జంతువులను ఆడించేవాడి పాత్ర. కూతురు జాస్మిన్ తరువాతి రోజులలో సినిమాల కోసం జంతువులకు శిక్షణ ఇచ్చే వృత్తి చేపట్టింది.

చదువరి గారూ, మీరు చివరి నుంచి మొదలుపెట్టారు కాబట్టి ఇప్పుడు ‘ఎలిఫెంట్ బాయ్’ చూడండి. కథ మొదలయ్యే ముందు తలపాగా చుట్టుకుని, ఖాళీ తెర ముందు నిలబడి, మన వైపు చూస్తూ ఆ పిల్లవాడు కొన్ని మాటలు మాట్లాడతాడు. అప్పుడప్పుడే నేర్చుకుంటున్న ఇంగ్లీషు, ప్రతి మాటనూ రుచి చూసి వదులుతున్నట్టు ఉంటుంది. వెంటనే ‘బ్లాక్ నార్సిసస్’లో, సన్యాసినుల ముందు కూర్చుని ఏయే పాఠాలు చెప్పించుకోవాలో తన దినచర్య పట్టీని యువరాజు చదివి వినిపించే సన్నివేశం మళ్లీ పెట్టుకుని వినండి. నడుమ పదేళ్లు. రెండు గొంతులూ ఒకరివేనని నాకు నమ్మకం కుదరడానికి మూడుసార్లు చూడవలసి వచ్చింది.